బంటు – ఏలిక: చందుపట్ల రాయి మనకు చెప్పే మాట



దోమకొండ కోటకో, జుక్కల్ దగ్గరి కౌలాస్ కోటకో వెళ్లినవాళ్లు ఎవరు కట్టించారు, ఎంతకాలం ఏలారు అని అడుగుతారు. రాజు గుర్రం పక్కన డాలు మోసుకుంటూ నడిచినవాడి సంగతి ఎవరూ అడగరు. పరిశుద్ధ గ్రంథం అతణ్ణి ఆయుధములు మోయువాడు అంటుంది. మన తెలుగులో అతను బంటు. ఈ వారం అతని చరిత్రను ధ్యానిద్దాం.

మధ్యయుగపు యూరప్‌లో గుర్రమెక్కి పోరాడే యోధుణ్ణి నైట్ అనేవారు. అతని డాలు మోసే కుర్రవాడు స్క్వైర్. ఆ మాటకు మూలార్థమే డాలు మోసేవాడు. పెద్దింటి పిల్లవాణ్ణి ఏడేళ్ల వయసులో ఒక దొర కోటకు పంపేవారు. సుమారు పద్నాలుగేళ్లకు స్క్వైర్ అయి గుర్రాన్ని తోమేవాడు, కవచం తుడిచేవాడు, యుద్ధంలో దొర వెనకాల ఉండేవాడు. ఇరవై ఒకటి దాటాక ఖడ్గంతో భుజం తట్టి అతణ్ణి నైట్‌ను చేసేవారు. మాట తప్పకూడదు, బలహీనుణ్ణి కాపాడాలి, శరణన్నవాణ్ణి చంపకూడదు అనే వీరధర్మాన్ని షివల్రీ అన్నారు. అది ఫ్రెంచి భాషలో గుర్రం అనే మాట నుంచి పుట్టింది.

ఆ ధర్మం కావ్యాల్లో కనిపించినంతగా నేలమీద కనిపించలేదు. వస్త్రం మీద సిలువ గుర్తు వేసుకొని 1099లో యెరూషలేములో ప్రవేశించిన యోధులు అక్కడి ముస్లిములను, యూదులను ఊచకోత కోశారు. క్రైస్తవులమైన మనం ఆ సంగతిని దాచకూడదు. 1605లో స్పెయిన్ రచయిత సెర్వాంటెస్ తన డాన్ కిహోటె నవలలో ఈ వీరధర్మం కథల పిచ్చిని చూసి నవ్వాడు. అందులో సాంచో పాంజా అనే పేద రైతు, ఒక ద్వీపానికి అధిపతిని చేస్తానన్న మాట నమ్మి పిచ్చి యజమాని వెంట గాడిదమీద బయలుదేరతాడు. అలాంటి మాటలు నమ్మి వెంట నడిచేవాళ్లు మన ఊళ్లలో ఇప్పటికీ ఉన్నారు.

ఇక మన తెలుగు నేల సంగతి. ఓరుగల్లు ఏలిన కాకతీయుల కాలంలో నాయంకర పద్ధతి ఉండేది. రాజు ఒక నాయకునికి కొన్ని ఊళ్ల మీద ఆదాయం ఇస్తాడు. నాయకుడు సైన్యాన్ని పోషించి, పిలిచినప్పుడు యుద్ధానికి రావాలి. యూరప్‌లో దొరలకు భూములిచ్చిన పద్ధతికి ఇది పూర్తిగా ఒకటి కాకపోయినా దగ్గరి చుట్టం. నాయకుల కింద బంట్లు ఉండేవారు. లెంకలనే యోధులు తమ ప్రాణాన్ని ఏలిక ప్రాణంతో ముడివేసుకునేవారు. పక్కనున్న కన్నడ దేశంలోనూ ఇదే ఆచారం. హళేబీడులో ఒక స్తంభం ఉంది. 1220లో హోయసల రాజు రెండవ వీర బల్లాళుడు చనిపోయినప్పుడు కువర లక్ష్మ అనే సేనాని, అతని భార్య, అతని అనుచరులు ప్రాణాలు తీసుకున్న సంగతి దాని మీద చెక్కి ఉంది.

ఇప్పుడు చందుపట్లకు వద్దాం. నల్గొండ జిల్లా నకిరేకల్ దగ్గరి పల్లె అది. అక్కడొక శాసనం దొరికింది. తేదీ 1289 నవంబరు 27. రాణి రుద్రమదేవి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు మరణించారని, వారికి పుణ్యం కలగాలని దేవునికి భూమి ఇస్తున్నానని అందులో ఉంది. అంబదేవునితో జరిగిన పోరులో వాళ్లు చనిపోయి ఉంటారని చరిత్రకారులు భావిస్తారు. ఆ శాసనం వేయించింది రాజు కాదు, మంత్రి కాదు. మల్లికార్జున నాయకుని సేవకుడు పువ్వుల ముమ్మడి.

ఇక్కడ కాస్త ఆగి ఆలోచించండి. అంత గొప్ప రాణి ఎప్పుడు చనిపోయిందో ఈనాడు మనకు తెలుస్తున్నది ఒక బంటు వల్ల. యుద్ధం ముగిసింది, ఏలిక పోయాడు, ఇక జీతం ఇచ్చేవాడు లేడు. అయినా అతను తనకున్నదాంట్లోంచి భూమి ఇచ్చి రాయి నాటించాడు. అందులో అతని విశ్వాసం మన విశ్వాసం కాదు. అతని నమ్మకత్వం మాత్రం మనం నేర్చుకోదగినది.

పల్నాటి చరిత్రలో మరొక బంటు ఉన్నాడు. బ్రహ్మనాయుడు అన్ని కులాలవారినీ ఒకే చాపమీద కూర్చోబెట్టి భోజనం పెట్టించాడని, దానికే చాపకూడు అని పేరని చెబుతారు. మాల కులంలో పుట్టిన కన్నమదాసును కొడుకుగా చూసుకొని సేనానిని చేశాడంటారు. ఈనాటికీ కారంపూడిలో పల్నాటి వీరులకు ఏటా జరిగే ఉత్సవంలో ఆ కథ వినిపిస్తుంది. ఎన్ని వందల ఏళ్లయినా జనం కన్నమదాసును మరచిపోలేదంటే, పక్కన కూర్చోబెట్టుకున్న ఏలికను వాళ్లు ఎంత అరుదుగా చూశారో అర్థమవుతుంది.

ఎందుకంటే మన తెలంగాణ పల్లెల్లో తర్వాత వచ్చింది గడీల కాలం. అక్కడ బంటు లేడు, బాంచన్ మిగిలాడు. బంటుకు ఏలిక మాట ఇచ్చేవాడు. బాంచన్‌కు ఎవరూ మాట ఇవ్వలేదు. వెట్టి చేసినవాడు దొర ముందు చెప్పులు చేత పట్టుకొని నిలబడ్డాడు. మన తాతలు ఆ మాట ఎలా పలికేవారో మన ఇళ్లలోని పెద్దలను అడగండి. నమ్మకత్వం మంచిదే. అయితే దాన్ని అందుకొనే చెయ్యి ఎలాంటిది అన్నదే అసలు ప్రశ్న.

పరిశుద్ధ గ్రంథం ఈ ప్రశ్నను దాటవేయదు. గిల్బోవలో సౌలు చనిపోగా అతని ఆయుధములు మోయువాడు కూడా తన కత్తిమీద పడి చనిపోయాడు (1 సమూయేలు 31). లెంకల కథ లాంటిదే. అతని పేరు మనకు తెలియదు. దావీదు బేత్లెహేము బావి నీళ్లు కావాలని ఆశపడితే ముగ్గురు శూరులు శత్రువుల దండును చీల్చుకొని వెళ్లి తెచ్చారు. దావీదు ఆ నీళ్లు తాగలేదు. అవి వాళ్ల రక్తంతో సమానమని యెహోవా సన్నిధిని పారబోశాడు (2 సమూయేలు 23). మంచి ఏలిక అంటే అదీ. కానీ అదే దావీదు, తోటి సైనికులు గుడారాల్లో ఉండగా నేను ఇంట్లో ఎలా పడుకుంటానన్న ఊరియాను, అతని చావు ఉత్తరాన్ని అతని చేతికే ఇచ్చి పంపాడు (2 సమూయేలు 11). రాజు ఒక్కడే. ఒకరోజు బంటు రక్తం విలువ తెలిసింది, మరొక రోజు మరచిపోయాడు.

యవ్వనస్థులారా, ఈ మాట మీకోసమే. ఎన్నికలొస్తే జెండా మోసేది మీరు, గొడవైతే కేసు పడేది మీ మీద. నాయకుడు కారులో వెళ్లిపోతాడు. పోలీస్ స్టేషన్ బయట కూర్చునేది మీ అమ్మ. అన్నా అని పిలిచిన ప్రతివానికీ ప్రాణం రాసివ్వకండి. ముందు అతణ్ణి చూడండి. తన కింద ఉన్నవాడి పేరు అతనికి తెలుసా? వాడితో కలిసి తింటాడా? వాడి కష్టంలో వాడి ఇంటికి వస్తాడా?

సంఘ కాపరులమైన మేము కూడా ఈ ప్రశ్నలకు జవాబు చెప్పాలి. కుర్చీలు వేసేవాడు, మైకు మోసేవాడు, గిన్నెలు కడిగే అక్క – వీళ్ల పేర్లు పెట్టి ప్రార్థన చేస్తున్నామా? ప్రభువు బల్ల దగ్గర ఒకే రొట్టె విరిచి, బయట వేర్వేరు గ్లాసులు పెడితే చాపకూడు పాటి కూడా మనం చేయలేదన్నమాట.

బంట్లు ఏలిక కోసం చనిపోయిన కథలు లోకమంతా ఉన్నాయి. మన ప్రభువు తన బంట్ల కాళ్లు కడిగాడు, వాళ్లను స్నేహితులని పిలిచాడు, వాళ్ల కోసం తానే చనిపోయాడు (యోహాను 13, 15). ఆ చేతికి మన నమ్మకత్వాన్ని అప్పగించడంలో భయం లేదు.

ప్రార్థన: ప్రభువా, మా పిల్లలను వాడుకొని పారేసే చేతుల నుంచి కాపాడు. మా కింద పనిచేసేవారిని పేరుపెట్టి పిలిచే మనసు మాకివ్వు. ఆమేన్.