పాలున్నాయి, పట్టే టైమే లేదు: మిరప చేల తల్లుల చరిత్ర

 

సంక్రాంతి దాటితే పెదకాకాని, గుంటూరు చుట్టుపక్కల మిరప కోతల హడావుడి. యానాది, ఎరుకల, సుగాలి ఆడవాళ్ళు చేలల్లో కాయ కోస్తారు, కోల్డ్ స్టోరేజీల దగ్గర తొడిమలు తీస్తారు. వాళ్ళలో చంటిబిడ్డల తల్లులూ ఉంటారు. చెట్టుకు చీర ఉయ్యాల, కాపలాకు ఆరేడేళ్ళ అక్క. "మనవాళ్ళకి అవగాహన లేదు, అందుకే పిల్లలు బక్కచిక్కుతున్నారు" అనే మాట మీటింగుల్లో వింటూనే ఉంటాం. చరిత్ర చూస్తే ఇంకో సంగతి బయటపడుతుంది.

అవగాహన సంగతే ముందు చూద్దాం. ముర్రుపాలు పిండి పారబోయడం, తేనె, పంచదార నీళ్ళు, ఆముదం నాకించడం పాత అలవాట్లు. ఇవి ఒక్క మన తండాల్లో, సంఘాల్లోనే కాదు, అన్ని కులాల్లోనూ ఉన్నాయి. ముర్రుపాలు వచ్చేది కొంచెమే అయినా, బిడ్డకు రోగాల్ని అడ్డుకునే మొదటి మందు అవే. ఇప్పుడు కాన్పులు ఆసుపత్రికి మారాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 88.6 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే జరిగాయి. పుట్టిన గంటలోపు తల్లిపాలు అందింది మాత్రం 41.8 శాతం పిల్లలకే. మరి లోటంతా తల్లిదేనా?

తర్వాత వచ్చింది సీసా. వెనకటికి బిడ్డకు ఉగ్గుగిన్నెతో పట్టేవాళ్ళు. కంపెనీలు డబ్బాపాలు తెచ్చాయి. పేద దేశాల్లో ఆ పొడిని మురికినీళ్ళలో, పలచగా కలిపి పట్టి పిల్లలు చచ్చిపోతుంటే 1970లలో పెద్ద గొడవ లేచింది. 1981లో ప్రపంచ ఆరోగ్య సభ డబ్బాపాల అమ్మకాలపై నియమావళి పెట్టింది. 118 దేశాలు ఔనంటే అమెరికా ఒక్కటే కాదంది. మన దేశం 1992లో చట్టం చేసి, 2003లో ఇంకా బిగించింది. రెండేళ్ళలోపు పిల్లల ఆహారానికి ప్రకటనలు ఇవ్వకూడదు.

అసలు సమస్య మూడోది, టైము. పసిబిడ్డ రోజుకి 8 నుంచి 12 సార్లు తాగుతుంది. తాగేకొద్దీ పాలు ఊరతాయి, రొమ్ములో నిలిచిపోతే తగ్గుతాయి. పొద్దున్నే చేనుకి పోయి సాయంత్రం వచ్చే తల్లి "నాకు పాలు ఎండిపోయాయి" అంటే, దానికి కారణం ఆమె ఒంట్లో కంటే పనిలోనే ఎక్కువగా ఉంటుంది.

ఈ సంగతి చట్టాలు చేసేవాళ్ళకి తెలియంది కాదు. పనిచేసే తల్లికి రోజుకి రెండుసార్లు అరగంట పాలిచ్చే విరామం ఇవ్వాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1919లోనే ఒప్పందం రాసింది. మన 1948 ఫ్యాక్టరీల చట్టంలో, 1951 తోటల కార్మిక చట్టంలో పిల్లల సంరక్షణ గది గురించి రాశారు. 1961 ప్రసూతి ప్రయోజన చట్టం బిడ్డకు 15 నెలలు వచ్చేదాకా రోజుకి రెండు విరామాలు ఇమ్మంది. 2017లో జీతంతో సెలవు 26 వారాలైంది.

కానీ మిరప చేను ఫ్యాక్టరీ కాదు. చట్టం లెక్కలో తోట అంటే టీ, కాఫీ, రబ్బరు లాంటివే. అస్సాంలో టీ ఆకు కోసే ఆదివాసీ తల్లికి కాగితం మీదైనా ఉన్న హక్కు, గుంటూరులో మిరపకాయ కోసే యానాది తల్లికి కాగితం మీద కూడా లేదు. 2017లో వచ్చిన మాతృవందన పథకం మొదటి కాన్పుకి 5,000 రూపాయలిస్తుంది. దానికీ ఆధారు, బ్యాంకు ఖాతా ఉండాలి. అవి లేని యానాది కుటుంబాలు ఎన్నో మనకి తెలుసు.

దారి లేకపోలేదు. 2005 ఉపాధి హామీ చట్టంలో ఒక మంచి మాట రాశారు. పని చోట ఆరేళ్ళలోపు పిల్లలు ఐదుగురు ఉంటే, వాళ్ళని చూసుకోడానికి ఒక ఆడమనిషిని పెట్టి ఆమెకూ కూలి ఇవ్వాలన్నది ఆ మాట. అదే మాట మన ముఠా మేస్త్రీలతో ఎందుకు అనకూడదు? కోతలకు కుదుర్చుకునేటప్పుడే ఒక పెద్దావిడకి పిల్లల కాపలా కూలి, తల్లులకి పూటకి అరగంట, మిరప ఘాటు పోయేలా చేతులు కడుక్కోడానికి సబ్బు, నీళ్ళు అడగాలి. సెలవులకి ఊరెళ్ళే మనలో చదువుకున్నవాళ్ళు తల్లులకి అవగాహన పాఠం చెప్పే ముందు మేస్త్రీతో ఈ బేరం మాట్లాడండి.