రాజధాని మారినప్పుడల్లా పెట్టే బేడా

ప్రభుత్వోద్యోగికి బదిలీ కొత్త కాదు. ఆర్డరు రావడం, రిలీవు కావడం, జాయినింగు టైములో సామాను సర్దుకోవడం, కొత్త ఊళ్లో ఇల్లు వెతుక్కోవడం మనందరికీ అనుభవమే. అయితే ఆ బదిలీల్లో ఊరు మారేది గాని రాష్ట్రం మారేది కాదు. రాష్ట్రమే మారి, రాజధాని మారి, ఆఫీసు బీరువాలతో పాటు వేల కుటుంబాలు కదలవలసి రావడం వేరు. తెలుగు ఉద్యోగులకు అటువంటి కదలిక అరవై మూడేళ్లలో మూడుసార్లు వచ్చింది. 1953లో మద్రాసు నుంచి కర్నూలుకు, 1956లో కర్నూలు నుంచి హైదరాబాదుకు, 2016లో హైదరాబాదు నుంచి అమరావతికి.

ఈ మూడు సందర్భాల్లోనూ రాజధాని ఏ ఊరన్నది నాయకులు నిర్ణయించారు. ఏ పేటలో అద్దెకు దిగాలి, పిల్లల్ని ఏ బడిలో వేయాలి, అసలు కుటుంబాన్ని వెంట తీసుకుపోవాలా వద్దా అన్నది మాత్రం ఉద్యోగి ఇంట్లో నిర్ణయమైంది. మొదటి నిర్ణయం చరిత్ర పుస్తకాల్లోకి ఎక్కింది. రెండోది ఎక్కలేదు. కాని మొదటిది పదే పదే మారగా, రెండోది తరాల తరబడి నిలిచిపోయింది. ఆ సంగతిని సభ్యులకు జ్ఞాపకం చేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మద్రాసు మనది కాదన్నాక

1952 అక్టోబరు 19న పొట్టి శ్రీరాములు గారు మద్రాసులో నిరాహార దీక్ష మొదలుపెట్టి డిసెంబరు 15 రాత్రి అమరులయ్యారు. నాలుగు రోజులకే ఆంధ్ర రాష్ట్రం ఏర్పాటు చేస్తామని ప్రధాని నెహ్రూ గారు ప్రకటించారు. రాష్ట్రమైతే వచ్చింది. ఊరేది?

'మదరాసు మనదే' అన్న నినాదం అప్పటికి ఎన్నాళ్లుగానో వినిపిస్తున్నది. కాని జవహర్‌లాల్, వల్లభభాయ్, పట్టాభి గార్ల జె.వి.పి. కమిటీ మద్రాసు మీద ఆశ వదులుకోవాలని 1949లోనే చెప్పింది. కొత్త రాష్ట్రం ఏర్పాటులోని చిక్కులను పరిశీలించిన జస్టిస్ వాంఛూ గారు, కొంతకాలం ఆంధ్ర ప్రభుత్వ కార్యాలయాలు మద్రాసులోనే ఉండవచ్చని సూచించారు. మద్రాసు ముఖ్యమంత్రి రాజాజీ గారు దానికి ఒప్పుకోలేదు. ఆంధ్ర రాజధాని మొదటి రోజు నుంచే ఆంధ్ర ప్రాంతంలో ఉండాలని 1953 మార్చిలో కేంద్రం తేల్చింది.

అప్పుడు 1937 నవంబరు 16 నాటి శ్రీబాగ్ ఒడంబడిక బయటకు వచ్చింది. మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారి ఇంట్లో కోస్తా, రాయలసీమ నాయకులు కుదుర్చుకున్న మాట అది. రాజధాని, హైకోర్టులలో ఒకటి కోస్తాకు, ఒకటి సీమకు దక్కాలి. ఏది కావాలో కోరుకునే హక్కు సీమది. సీమ రాజధానిని కోరుకుంది. బెజవాడ-గుంటూరు ప్రాంతం కావాలన్నవారు గట్టిగానే పట్టుబట్టినా, ఆంధ్ర శాసనసభ్యులు 1953 జూన్‌లో కర్నూలును ఖాయం చేశారు. రాష్ట్రావతరణకు అప్పటికి నాలుగు నెలల వ్యవధి కూడా లేదు.

గుడారాల రాజధాని

1953 అక్టోబరు 1న పదకొండు జిల్లాలతో, బళ్లారి జిల్లా నుంచి వచ్చిన ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలతో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. నెహ్రూ గారు కర్నూలు వచ్చి ప్రారంభించారు. టంగుటూరి ప్రకాశం పంతులు గారు ముఖ్యమంత్రి, నీలం సంజీవరెడ్డి గారు ఉప ముఖ్యమంత్రి. ఊళ్లో ఉన్న సర్కారు భవనాలు చాలక గుడారాలు వేశారు. ఆఫీసులూ గుడారాల్లోనే, చాలామంది ఉద్యోగుల కాపురాలూ గుడారాల్లోనే.

నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో, ఆ గుడారాల్లో పనిచేసిన పెద్దలు ఇంకా సర్వీసులో ఉండేవారు. గాలి లేస్తే కాగితాలు ఎగిరిపోకుండా ఫైళ్ల మీద రాళ్లు పెట్టుకునేవాళ్లమని చెప్పేవారు. వారి కష్టం గుడారం ఒక్కటే కాదు. మద్రాసులో పిల్లల చదువు, ముసలివారి వైద్యం, బస్సు, నెల తిరిగేసరికి అలవాటైన అంగడి, అన్నీ ఒక్కసారిగా దూరమయ్యాయి. అందుకే కొందరు తాము మాత్రం కర్నూలు వచ్చి, భార్యాపిల్లల్ని మద్రాసులోనో స్వగ్రామంలోనో ఉంచి, రెండు చోట్ల సంసారం నెట్టుకొచ్చారు. గుమాస్తా జీతంలో రెండు అద్దెలు ఎంత బరువో మన పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు.

ఇక్కడ ఒక పోలిక చెప్పుకోవాలి. దేశ విభజనలో లాహోరును పోగొట్టుకున్న పంజాబుకు కూడా కొత్త రాజధాని కావలసి వచ్చింది. వారు సిమ్లాలో తాత్కాలికంగా సర్దుకుని, చండీగఢ్ నగరాన్ని కట్టుకుని, అప్పుడు కదిలారు. చండీగఢ్‌ను రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ గారు ప్రారంభించింది 1953 అక్టోబరు 7న. కర్నూలు గుడారాలకు అప్పటికి వారం కూడా నిండలేదు. ఊరు కట్టుకుని వెళ్లడం ఒక పద్ధతి, వెళ్లిన తరువాత ఊరు చూసుకోవడం మరొక పద్ధతి. మన పెద్దలకు దక్కింది రెండోది.

ఒడంబడిక ప్రకారం 1954 జూలై 5న గుంటూరులో హైకోర్టు ఏర్పడింది. కోకా సుబ్బారావు గారు తొలి ప్రధాన న్యాయమూర్తి. కర్నూలు రాజధానిగా ఉన్నది సరిగ్గా మూడు సంవత్సరాల ఒక నెల. అక్కడే స్థిరపడదామనుకున్నవారు ఇంటికి సున్నం వేయించుకునే లోపే మళ్లీ సామాను కట్టవలసి వచ్చింది.

జంటనగరాలు

ఫజల్ అలీ గారి అధ్యక్షతన పనిచేసిన రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ సంఘం 1955 సెప్టెంబరులో నివేదిక ఇచ్చింది. అందులో విశాలాంధ్ర వల్ల కలిగే లాభాలు చెబుతూ, ఆంధ్రను వేధిస్తున్న శాశ్వత రాజధాని సమస్య తీరుతుందని, హైదరాబాదు-సికింద్రాబాదు జంటనగరాలు అందుకు చక్కగా సరిపోతాయని రాశారు. అదే నివేదిక తెలంగాణ ప్రజల భయాలను కూడా పేర్కొని, ప్రస్తుతానికి తెలంగాణను వేరు రాష్ట్రంగా ఉంచడమే మేలని సిఫారసు చేసింది. మొదటి మాటను తలచుకున్నంతగా రెండో మాటను అందరూ తలచుకోలేదు. 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో పెద్దమనుషుల ఒప్పందం కుదిరింది. నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అవతరించింది.

కర్నూలు నుంచి వచ్చినవారికి ఇది కట్టి ఉన్న నగరం. సచివాలయం ఉంది. శాసనసభకు 1913 నాటి టౌన్‌హాలు ఉంది. మూసీ ఒడ్డున హైకోర్టు భవనం, అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆసుపత్రి, తాగునీటికి ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ ఉన్నాయి. మళ్లీ గుడారం అవసరం రాలేదు.

ఇల్లు ఎక్కడ అన్న ప్రశ్న వచ్చినప్పుడు చాలామంది చిక్కడపల్లి, అశోక్‌నగర్, నల్లకుంట వైపు వెళ్లారు. మరికొందరి చూపు మన సికింద్రాబాదు మీద పడింది. దానికి కారణం ఉంది. నిజాం సికందర్ జా పేరు మీద 1806లో వెలసిన ఈ ఊరు మొదటి నుంచీ ఇంగ్లీషు దండుతో పెరిగింది. ఆ దండుతో పాటు మద్రాసు వైపు నుంచి తమిళులు, తెలుగువారు వచ్చి వ్యాపారాల్లో, ఉద్యోగాల్లో స్థిరపడ్డారు. పద్మారావు మొదలియారు పేరున పద్మారావునగర్ వెలిసింది. సోమసుందరం మొదలియారు 1862లో స్థాపించిన బడే తరువాత మహబూబ్ కళాశాల అయింది. అమెరికా వెళ్లబోయే ముందు, 1893 ఫిబ్రవరిలో, వివేకానంద స్వామి ఉపన్యసించింది అక్కడే. నగరం అవతలి వైపు సర్కారు చదువులు ఉర్దూలో సాగిన రోజుల్లోనే ఇక్కడ ఇంగ్లీషు చదువు పాతుకుపోయింది. మద్రాసు బడుల్లో అక్షరాలు దిద్దిన పిల్లలున్న ఇంటికి ఇది పెద్ద ఊరట. పైగా రైల్వే స్టేషను దగ్గర. పండుగకు బెజవాడ వెళ్లాలన్నా, కర్నూలు వెళ్లాలన్నా ఇక్కడే రైలెక్కవచ్చు.

కొత్త రాష్ట్రంలో ఊరు ఎంచుకునేటప్పుడు మన పెద్దలు చూసుకున్నవి ఇవే: బడి, నీళ్లు, ఆసుపత్రి, రైలు, పక్కింటివారితో మాట కలిసే భాష.

వచ్చినవారికి కొత్త ఊరు, ఉన్నవారికి సొంత ఊరు

అయితే ఒకరు ఎంచుకున్న కొత్త ఊరు మరొకరికి తాతల నాటి ఊరు. ఈ సంగతి చెప్పకపోతే ఈ చరిత్ర సగమే అవుతుంది. నిజాం సంస్థానంలో 1919 నుంచి ముల్కీ నిబంధనలున్నాయి. ఇక్కడ పుట్టినవారికి గాని, పదిహేనేళ్లు నివాసమున్నవారికి గాని సర్కారు కొలువు దక్కాలని వాటి సారాంశం. పెద్దమనుషుల ఒప్పందంలో కూడా పన్నెండేళ్ల నివాసం మాట ఉంది. ఆ హామీలు సరిగా అమలు కాలేదన్నది తెలంగాణ ఉద్యోగులు, నిరుద్యోగులు ఏళ్ల తరబడి చెప్పిన మాట. రెండు ప్రాంతాల సర్వీసులను కలిపినప్పుడు సీనియారిటీ జాబితాల మీద నడిచిన తగాదాలు మన తరం గుమాస్తాలందరికీ తెలుసు.

1969 మార్చిలో నివాస నిబంధనల చట్టాన్ని సుప్రీంకోర్టు కొట్టివేసింది. ఆ ఏడు తెలంగాణ ఉద్యమంలో ఎందరో యువకులు ప్రాణాలు కోల్పోయారు. శాసనసభ ఎదుట గన్‌పార్కు స్తూపం వారి స్మారకమే. 1972 అక్టోబరు 3న ముల్కీ నిబంధనలు చెల్లుతాయని అదే సుప్రీంకోర్టు తీర్పు ఇస్తే, అటు జై ఆంధ్ర ఉద్యమం లేచింది. ఎన్జీవోలు సమ్మె చేశారు. రెండు ఉద్యమాల్లోనూ ఉద్యోగి ముందు వరుసలో ఉన్నాడు. ఎందుకంటే రెండు చోట్లా ప్రశ్న ఒకటే. ఈ ఊరు ఎవరిది?

బడిని బట్టి స్థానికత

దానికి జవాబుగా 1973 సెప్టెంబరు 21న ఆరు సూత్రాల పథకం, దాని వెంట రాజ్యాంగంలో 371-డి అధికరణం, 1975 అక్టోబరు 18న రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చాయి. ఆ ఉత్తర్వు ప్రకారం అభ్యర్థి ఎక్కడివాడో తేల్చేది తాతగారి ఊరు కాదు, ఇంటిపేరు కాదు. అర్హత పరీక్ష రాసిన ఏడాదితో ముగిసే నాలుగు విద్యా సంవత్సరాలు వరుసగా ఎక్కడ చదివాడన్నది మొదటి కొలత.

ఒక్కసారి ఆలోచించండి. తండ్రి అద్దె తక్కువని, బడి దగ్గరని ఒక పేటలో దిగాడు. ఆ బడి ఇచ్చిన స్టడీ సర్టిఫికెట్టే కొడుకు ఉద్యోగానికి, మనుమరాలి సీటుకు ఆధారమైంది. శాసనసభ్యులు ఓటు వేసి ఎంచిన కర్నూలు మూడేళ్లకే రాజధాని కాకుండా పోయింది. గుమాస్తా ఎంచిన బడి మాత్రం మూడు తరాల స్థానికతను నిర్ణయించింది. నిబంధనలు అమలు కాలేదన్న ఫిర్యాదుతో 1985 డిసెంబరు 30న వచ్చిన 610 జి.ఓ. కూడా మన సర్వీసు జీవితంలో మరపురాని సంఖ్య.

శుక్రవారం సాయంత్రపు రైలు

2011 సెప్టెంబరు 13న మొదలైన సకల జనుల సమ్మె 42 రోజులు సాగింది. 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రం ఏర్పడింది. హైదరాబాదు పదేళ్లకు మించకుండా ఉమ్మడి రాజధాని అన్నారు. ఆ గడువు 2024 జూన్ 2తో ముగిసింది. రాష్ట్రస్థాయి ఉద్యోగులను కమలనాథన్ కమిటీ రెండు రాష్ట్రాలకు పంచింది. ఆప్షన్ ఫారం మళ్లీ ఇళ్లలోకి వచ్చింది.

ఈసారి ఊరి ఎంపికకు శివరామకృష్ణన్ కమిటీ వేశారు. అన్నీ ఒకేచోట పెట్టవద్దని, విజయవాడ-గుంటూరు మధ్య మహానగరం వద్దని అది 2014 ఆగస్టులో చెప్పింది. సెప్టెంబరు 4న ప్రభుత్వం విజయవాడ పరిసరాలనే ప్రకటించింది. 2015 అక్టోబరు 22న అమరావతికి శంకుస్థాపన జరిగింది. 2016 జూన్ చివర నుంచి ఉద్యోగులు వెలగపూడి తాత్కాలిక సచివాలయానికి కదిలారు. వారి కోసం వారానికి ఐదు రోజుల పని పెట్టారు. విజయవాడ నుంచి గుంటూరు మీదుగా సికింద్రాబాదుకు ఇంటర్‌సిటీ రైలు వేశారు. వలస వచ్చేవారి పిల్లలకు ఆంధ్రలో స్థానికత ఇచ్చేందుకు రాష్ట్రపతి ఉత్తర్వును సవరించి గడువు పెట్టారు, ఆ గడువును పొడిగించారు కూడా.

ఇంత చేసినా చాలామంది కుటుంబాలను ఇక్కడే ఉంచారు. సోమవారం ఉదయానికి అక్కడ, శుక్రవారం రాత్రికి ఇక్కడ. 1953లో మద్రాసు-కర్నూలు మధ్య నలిగిన సంసారమే మళ్లీ కనిపించింది. వారిని తప్పు పట్టలేం. 2020లో మూడు రాజధానుల చట్టం వచ్చింది, 2021 నవంబరులో ఉపసంహరించారు, 2022 మార్చిలో హైకోర్టు తీర్పు వచ్చింది, 2025 మేలో అమరావతి పనులను ప్రధాని మళ్లీ ప్రారంభించారు. పదేళ్లలో ఇన్ని మలుపులు తిరిగిన ఊరికి, పదో తరగతి చదివే పిల్లను బడి మాన్పించి తీసుకుపోవడం ఎవరికైనా కష్టమే.

మన ఇళ్లలో ఈ ప్రశ్న ఇంకా తెగలేదు. పింఛను ఒక రాష్ట్రానిది, ఇల్లు మరొక రాష్ట్రంలో, పిల్లలు మూడో చోట ఉన్న దంపతులు మన సభ్యుల్లోనే ఉన్నారు. వయసు మీద పడ్డాక ఎక్కడ ఉండాలి అని మాట్లాడుకునేటప్పుడు, మన తల్లిదండ్రులు చూసుకున్న ఆ జాబితానే మళ్లీ ముందుకు వస్తుంది. బడి స్థానంలో మందుల షాపు చేరుతుంది, అంతే తేడా.

చివరిగా ఒక మనవి. 1953లో ఇరవై ఏళ్ల వయసులో కర్నూలు వెళ్లినవారికి ఇప్పుడు తొంభై దాటాయి. జి.ఓ.లు, కమిటీ నివేదికలు సర్కారు వద్ద భద్రంగా ఉంటాయి. కాని ఏ ఇంట్లో ఎవరు వెళదామన్నారు, ఎవరు వద్దన్నారు, మొదటి నెల అద్దె ఎంత, బడిలో సీటు ఎలా దొరికింది అన్నవి ఏ రికార్డు రూములోనూ ఉండవు. ఇంట్లో పెద్దవారుంటే అడిగి రాయించండి. పాత బదిలీ ఆర్డర్లు, ఆప్షన్ ఫారాల నకళ్లు, అద్దె రసీదులు ట్రంకు పెట్టెల్లో దొరికితే పారవేయకుండా సంఘ కార్యాలయానికి చూపించండి. వచ్చే సంచికలో ఆ వివరాలకు చోటు ఇవ్వవలసిందిగా సంపాదకవర్గాన్ని కోరుతున్నాను.