కాఫీయా, బీరా? - ఒక గృహధర్మ విచారము

అమీర్‌పేట కూడలినుండి పంజాగుట్టవైపు నడచువారికి కాఫీయంగళ్లును మద్యపుటంగళ్లును ఒకే బాటపై కనబడుచుండును. పరీక్షలకు చదువుకొనుటకై జిల్లాలనుండి వచ్చి వసతిగృహములలో కాపురముండు యువకులు రెంటికిని గిరాకీలే. కొన్నాళ్ల క్రిందట ఈ ప్రాంతమందే యొక కతోలిక గృహమునకు మేము భోజనమునకు పోయియుండగా, తండ్రికిని కుమారునికిని ఈ విషయమై వాదము పుట్టెను.

"నాన్నగారూ, బీరు తయారుచేసినవారు మన మఠముల సన్న్యాసులే గదా! దానిని ఆశీర్వదించు ప్రార్థన గురువుల పూజాగ్రంథముననే యున్నది. మీ కాఫీకి అట్టి మర్యాద యెక్కడిది?" అని కుమారు డడిగెను.

"కాఫీ త్రాగివచ్చి భార్యను కొట్టినవానిని నే నెన్నడును చూడలేదు" అని తండ్రి యుత్తర మిచ్చెను.

కాఫీగ్లాసులు తెచ్చిన తల్లి యేమియు పలుకక చిరునవ్వు నవ్వెను. ఇరువురును చరిత్రనే సాక్షిగా పిలిచిరి గావున, ఆ సాక్షి యేమి చెప్పునో పక్షపాతము లేక విచారింతము.

మొదట కుమారుని పక్షము. 6వ శతాబ్దమున ఇటలీదేశమందు పునీత బెనెడిక్టు మఠవాసులకై యేర్పరచిన నియమావళిలో, ఒక్కొక్కనికి దినమునకు పావులీటరునకు కొంచె మెక్కువగా ద్రాక్షారసము విధింపబడినది. ద్రాక్ష పండని యుత్తరదేశముల మఠములలో బీరు ఆ స్థానము నాక్రమించెను. బార్లీగింజలను నానబెట్టి, మొలకెత్తించి, ఎండించి, వేడినీట కలిపి, ఆ రసమును హాప్స్ అను తీగపూవులతో కాచి, పులియబెట్టుటచే బీరు కలుగును. 12వ శతాబ్దపు జర్మను సన్న్యాసిని హిల్డెగార్డు ఈ హాప్స్ గుణములను తన ప్రకృతిశాస్త్రగ్రంథమున వర్ణించినది. పానీయము ఉపవాసమును భంగపరుపదని పూర్వపు ధర్మవేత్తలు నిర్ణయించిరి గనుక, తపస్సుకాలమున చిక్కని బీరు సన్న్యాసులకు ఆహారము వంటిదయ్యెను. రోమను పూజావిధానగ్రంథమున బీరు నాశీర్వదించు ప్రార్థన కలదనుటయు నిజమే. ట్రాపిస్టు మఠములు కొన్ని నేటికిని బీరు విక్రయించి, ఆ లాభముతో మఠమును పోషించుకొని, మిగిలినది దానధర్మములకు వినియోగించుచున్నవి.

ఇక తండ్రి పక్షము. కాఫీ 15వ శతాబ్దమున యెమెనుదేశమందు రాత్రి జాగరణము చేసి ప్రార్థించు సూఫీలచే వ్యాప్తినొందెను. 1511లో మక్కాయందు దానిని నిషేధించిరి గాని, ఆ నిషేధము నిలువలేదు. అది ఐరోపాఖండమునకు చేరినప్పుడు, తురకల పానీయమని కొందరు దూషింపగా, 8వ క్లెమెంటు పోపుగారు రుచిచూచి మెచ్చుకొని, దీనికి జ్ఞానస్నాన మిచ్చి మనదిగా చేసికొందమని హాస్య మాడెనని యొక కథ ప్రచారమున నున్నది. ఆ కాలపు సాక్ష్యము లేని కథ యిది. మనదేశమున బాబాబుడన్ అను ఫకీరు 17వ శతాబ్దమున యెమెనునుండి యేడు గింజలు తెచ్చి చిక్కమగళూరు కొండలలో నాటెనని చెప్పుదురు. నేడు మన అరకులోయయందు గిరిజనులు పండించు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది.

ఇంతవరకు చూచిన, సన్న్యాసి చేతిదొకటి, ఫకీరు చేతిదొకటి. రెండును ప్రార్థనకు పొరుగుననే పుట్టినవి. కాని తండ్రిగారు మరువరాని చరిత్ర యింకొకటి కలదు. 18వ శతాబ్దాంతమున ప్రపంచమందలి కాఫీలో సుమారు సగము ఫ్రెంచివారి సాన్-డొమింగుద్వీపభాగమునుండి వచ్చుచుండెను. దానిని పండించినవారు ఆఫ్రికానుండి కొనితేబడిన బానిసలు. వారి యజమానులు కతోలికులే. 1791లో ఆ బానిసలు తిరుగబడిరి. కాఫీకి ప్రసిద్ధి కెక్కిన బ్రెజిలు సహితము కతోలిక రాజ్యమే. అచ్చట దాస్యము 1888వరకు తొలగలేదు. మఠమున సన్న్యాసి తన చేతులతో బీరు చేయుచుండగా, తోటలో బానిస కొరడాదెబ్బలు తినుచు కాఫీ కోయుచుండెను. మత్తు లేనంత మాత్రమున పానీయము నిర్దోష మగునా? త్రాగువాని బుద్ధి చెడకున్నను త్రాగించువాని బ్రతుకు చెడవచ్చును.

కతోలిక ధర్మశాస్త్రము ఈ విషయమున స్పష్టముగా నున్నది. పునీత థోమాసు అక్వినాసు మతమున, ఏ పానీయమును స్వభావముచే పాపము కాదు. తెలిసి వివేకమును పోగొట్టుకొనుట పాపము. దీనికి తోడు పౌలుగారు, తాను తప్పులేక తినదగినదైనను త్రాగదగినదైనను సోదరుని పతనమునకు హేతువగునేని మానుట మేలని బోధించిరి. మొదటిది మితమును నేర్పును. రెండవది ప్రేమను నేర్పును. ఈ రెండవ సూత్రమును పట్టుకొనియే 1838లో ఐర్లండునందలి కార్కు నగరమున మాథ్యూ అను కపుచిను గురువు సంపూర్ణ మద్యవర్జనోద్యమమును చేపట్టగా, లక్షలకొలది జనులు ప్రతిజ్ఞ చేసిరి. 1851లో హైదరాబాదునకు ప్రత్యేక కతోలికపాలన మేర్పడినప్పుడు దానికి మొదటి యధిపతియైన డేనియల్ మర్ఫీగారు ఆ కార్కు మండలమువారే. కావున మన నగరపు కతోలికులు మఠముల బీరును మాత్రమే పూర్వుల సొత్తుగా నెంచుట న్యాయము కాదు. మద్యవర్జనవ్రతమును వారి పూర్వుల సొత్తే.

మన దేశస్థితి నింకొకమారు తలచుకొందము. అమీర్‌పేట పొరుగుననే బల్కంపేట ఎల్లమ్మగుడి యున్నది. కల్లుగీతవారు ఎల్లమ్మను ఇలవేల్పుగా కొలుచుట తెలంగాణమున ప్రసిద్ధము. పులిసిన పానీయమునకు మన యూళ్లలోను మర్యాద యుండెననుట కిది నిదర్శనము. బీరు మాత్రము మన పొలములనుండి రాలేదు, తెల్లవారి దండులతో వచ్చినది. తరువాత మద్యము ప్రభుత్వములకు రాబడి యయ్యెను. నెల్లూరుజిల్లా దూబగుంటలో స్త్రీలు 1991 ప్రాంతమున వయోజనవిద్య పాఠములు చదివి, సారాయంగడిని మూయించిరి. వారి యుద్యమము రాష్ట్రమంతట వ్యాపించి, 1993 అక్టోబరు 1వ తేదీనుండి సారాయు, 1995 జనవరినుండి మద్యమంతయు నిషేధింపబడినవి. 1997లో ఖజానా లోటు మొదలైన కారణములచే నిషేధము సడలింపబడెను. ఆ స్త్రీలు ధర్మశాస్త్రములు చదివినవారు కారు. కాని సాయంకాలము వాకిట నిలిచి భర్త యడుగుల తీరు చూచి నేర్చుకొన్న శాస్త్రము వారికి కలదు.

ఇప్పుడు కుమారునితో మేము చెప్పదలచిన మాట యిది. మఠపు బీరును సాక్ష్యముగా తెచ్చువారు మఠపు నియమములను కూడ తేవలెను. అచ్చట కొలత పెద్దలది, త్రాగుట భోజనముతో, అందరియెదుట, లాభము బీదలకు. బెనెడిక్టుగారు సహితము సన్న్యాసులకు ద్రాక్షారసము తగదనియే తలంచి, వారు వినరు గనుక మితమునైన పాటింపుడని యనుమతించిరి. మానగలవారికి ప్రత్యేకఫలము కలదనియు చెప్పిరి. పేటలోని యంగడియందు కొలత చేతిసొమ్మే, తోడు చీకటియే. ఆ రెంటికిని పేరు మాత్రమే యొకటి.

కావున మన కాలమున, మన పేటలలో, గృహస్థునకు కాఫీయే మేలని మా యభిప్రాయము. ఇది దాని పవిత్రతచేత గాదు. సోదరుని పడద్రోయు శక్తి దానికి తక్కువగుటచేత. ఐనను కొండలలో దానిని పండించువానికి తగిన వెల ముట్టినదా యని విచారింపక త్రాగుట మంచిది కాదు. చదువుకొను బాలుడు నిద్రను చంపుకొనుటకై రాత్రులు దానిని త్రాగుట యంతకంటెను మంచిది కాదు.

నాడు వీడ్కోలు పుచ్చుకొనుచు, "అమ్మా, మీ పక్ష మేది?" అని మేము తల్లి నడిగితిమి. ఆమె, "బీరు ఇంట్లోకి రాకుంటే చాలునండీ. కాఫీ మాత్రము దినమునకు నాలుగుమారులు, పూజకు పోవలసిన ఆదివారమైనను నాలుగు గంటలకే లేచి మొదటి గ్లాసు నేనే యీయవలెను" అనెను. తండ్రి తల వంచుకొనెను. తాను త్రాగని బీరును గూర్చి ఉపన్యసించుట సులభము. తాను త్రాగు కాఫీని తానే కాచుకొనుట కొంచెము కష్టము. చదువరులారా, మన యిండ్లలో మితవ్రతము ఆ రెండవదానితోనే మొదలగుగాక.