నా కాలేయమా!

గ్రీకు అమ్మ బిడ్డను ఒళ్లోకి లాక్కుని ‘జియేరి ము’ అంటుంది. ‘నా కాలేయమా’ అని! ఈ మాట తుర్కీ ‘జియెర్’. దాని మూలం పారశీక ‘జిగర్’. మన తెలంగాణ ‘జిగ్రీ దోస్తు’లో ఉన్నదీ అదే. ఒకే మాట అటు ఏథెన్స్‌కూ ఇటు హైదరాబాద్‌కూ చేరిందంటే నాకెంత సంతోషమో!

గ్రీకుల మరో ముద్దుమాట ‘యవ్రి ము’ కూడా తుర్కీదే. ‘యవ్రు’ అంటే పక్షిపిల్ల, జంతువు కూన. మనం ‘చిట్టికూనా’ అనమూ?

శతాబ్దాల ఒట్టోమాన్ పాలనలో ఇలాంటి మాటలెన్నో గ్రీకులో కలిశాయి. 1923లో గ్రీసు, టర్కీల మధ్య జరిగిన జనాభా మార్పిడిలో ఆసియా మైనర్ విడిచి గ్రీసు చేరిన శరణార్థుల్లో కొందరికి ఇంటిభాష తుర్కీయే. అయితే కాలేయాన్ని ముద్దుపేరుగా వినడానికి గ్రీకు చెవి ముందే సిద్ధంగా ఉంది: వాళ్ల సొంత మాట ‘స్ప్లాఖ్నో ము’కు అర్థం ‘నా కడుపులోని పేగా’ అనే. మన పేగుబంధం లాంటిదే.