రేడియో నియంత్రిత నమూనా పడవలు

ఒడ్డున నిలబడి రేడియో తరంగాల ద్వారా నడిపే చిన్న పడవలను రేడియో నియంత్రిత నమూనా పడవలు అంటారు. వీటిని సొంతంగా తయారు చేయడం, చెరువులలో నడపడం, పందేలలో పాల్గొనడం బ్రిటన్, జర్మనీ, అమెరికా, ఆస్ట్రేలియా వంటి అనేక దేశాలలో ఒక అభిరుచిగా ఉన్నది. ఇది ఎక్కువగా స్థానిక క్లబ్బుల ద్వారా జరుగుతుంది. నమూనా కారుకూ నమూనా పడవకూ ఒక ముఖ్యమైన తేడా ఉన్నది. ఆగిపోయిన కారును నడచివెళ్ళి తెచ్చుకోవచ్చును. చెరువు నడుమ ఆగిపోయిన పడవను అలా తెచ్చుకోవడానికి వీలులేదు. క్లబ్బుల నియమాలలో చాలా భాగం ఈ ఒక్క ఇబ్బంది నుండి పుట్టినవే.

చరిత్ర

రేడియో రాకముందే నమూనా పడవల క్లబ్బులు ఉండేవి. తూర్పు లండన్‌లోని విక్టోరియా పార్కు చెరువులో పడవలు నడిపే విక్టోరియా మోడల్ స్టీమ్‌బోట్ క్లబ్బు 1904లో ఏర్పడినది. మోడల్ పవర్ బోట్ అసోసియేషన్ 1924లో ఏర్పడినది. ఆ కాలపు ఆవిరి పడవలకు చుక్కానిని ముందే సరిచేసి బిగించి, ఒక ఒడ్డు నుండి వదిలేవారు. ఎదుటి ఒడ్డున నాటిన గురికర్రల మధ్య నుండి పడవ ఎంత సూటిగా వెళ్ళిందన్న దానిని బట్టి మార్కులు వేసేవారు. వదిలిన తరువాత మనిషి చేయగలిగినది ఏమీ లేదు. తెరచాప పడవలైతే యజమానులు ఒడ్డు వెంట నడుస్తూ, దరికి వచ్చినప్పుడల్లా కర్రతో మళ్ళించేవారు. అమెరికాలోని మార్బుల్‌హెడ్ పట్టణం పేరుతో 1930లో మొదలైన తెరచాప పడవల తరగతి (పొడవు 50 అంగుళాలు, తెరచాప వైశాల్యం 800 చదరపు అంగుళాలు) అలాగే పుట్టి, తరువాత రేడియోకు మారి నేటికీ కొనసాగుతున్నది.

రేడియోతో పడవను నడపవచ్చునని బహిరంగంగా చూపినవాడు నికోలా టెస్లా. 1898లో న్యూయార్కు మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో జరిగిన ప్రదర్శనలో ఆయన ఒక చిన్న పడవను తాకకుండానే తిప్పి చూపాడు. అదే సంవత్సరం నవంబరు 8న దానికి 613809 సంఖ్య గల అమెరికా పేటెంటు లభించినది. అయినా ఇది సామాన్యుల అభిరుచి కావడానికి అర్ధ శతాబ్దం పైగా పట్టినది. వాల్వులతో, బరువైన బ్యాటరీలతో నిండిన రిసీవరును చిన్న పడవ మోయలేకపోవడం దీనికి ఒక కారణం. ట్రాన్సిస్టర్లు ఆ బరువును తగ్గించాయి. నమూనా నౌకల ప్రపంచ సమాఖ్య అయిన నావిగా 1959లో ఏర్పడినది.

నమూనా కొలతలు

నిజమైన ఓడను చిన్నది చేసినప్పుడు అన్నీ ఒకే నిష్పత్తిలో తగ్గవు. 100 మీటర్ల పొడవు, 5,000 టన్నుల బరువు గల ఓడకు 1:50 నమూనా చేస్తే పొడవు 2 మీటర్లు అవుతుంది. బరువు మాత్రం 50 ఘనంతో, అనగా 1,25,000తో భాగించబడి 40 కిలోలకు దిగుతుంది. వేగానికి వేరే లెక్క ఉన్నది. అలల ఆకృతి నిజమైన ఓడ చుట్టూ ఉన్నట్లే కనబడాలంటే వేగాన్ని 50 వర్గమూలంతో, అనగా సుమారు 7తో భాగించాలి. దీనిని పంతొమ్మిదవ శతాబ్దపు ఆంగ్ల ఇంజనీరు విలియం ఫ్రౌడ్ స్థిరపరచాడు. దీని ప్రకారం 20 నాట్ల ఓడకు నమూనా సెకనుకు దాదాపు ఒకటిన్నర మీటర్లు మాత్రమే వెళ్ళాలి. కొత్తవారు పెద్ద మోటారు బిగించి యుద్ధనౌకను స్పీడుబోటులా పరుగెత్తించడం తరచుగా కనిపించే పొరపాటు.

తెరచాప పడవలకు మరొక చిక్కు ఉన్నది. గాలి పడవను ఒరగదోసే బలిమి కొలతల ఘనాన్ని బట్టి తగ్గితే, పడవ తిరిగి నిలదొక్కుకునే బలిమి నాలుగవ ఘాతాన్ని బట్టి తగ్గుతుంది. అందువలన చిన్న పడవ తేలికగా ఒరిగిపోతుంది. దీనికి విరుగుడుగా అడుగున లోతైన రెక్క, దాని కొసన సీసపు గుండు అమరుస్తారు. విస్తృతంగా ఆడే అంతర్జాతీయ ఒక మీటరు తరగతిలో పడవ కనీస బరువు 4 కిలోలు కాగా, అందులో సగానికి పైగా ఆ రెక్క, గుండులదే.

నిర్మాణం

పాత పద్ధతిలో ప్లైవుడ్ చట్రాలను వరుసగా నిలబెట్టి, వాటిపై సన్నని చెక్క పట్టీలను జిగురుతో అంటిస్తారు. దీనికి తరచుగా వాడే బాల్సా దక్షిణ, మధ్య అమెరికాల కలప. కొండపల్లి బొమ్మలు చేసే తెల్లపొణికి చెక్కను చూసినవారికి దాని తేలికదనం కొంత ఊహకు అందుతుంది. వేగపు పడవలకు అచ్చులో పోసిన ఫైబర్‌గ్లాసు డొల్లలు వాడతారు. నీరు ఎక్కువగా చొరబడేది డొల్ల నుండి కాదు, ప్రొపెల్లరు ఇరుసు బయటకు వెళ్ళే గొట్టం నుండి. దానిని గ్రీజుతో నింపి ఉంచాలి. పడవను చెరువుకు తీసుకువెళ్ళే ముందు నీటి తొట్టెలో తేల్చి, ఒక పక్కకు ఒరుగుతున్నదా, ముక్కు మునుగుతున్నదా అని చూసి బరువులు సర్దుతారు.

రేడియో

సాధారణంగా రెండు ఛానళ్ళు చాలు. ఒకటి చుక్కానికి, రెండవది మోటారు వేగానికి లేదా తెరచాప తాళ్ళను లాగే సర్వోకు. చాలాకాలం 27 మెగాహెర్ట్జ్ పట్టీలో గోధుమ, ఎరుపు, నారింజ, పసుపు, ఆకుపచ్చ, నీలం రంగులతో గుర్తించే ఆరు పౌనఃపున్యాలు వాడుకలో ఉండేవి. ఒకే రంగు క్రిస్టల్ గల ఇద్దరు ఒకేసారి ట్రాన్స్‌మిటర్ తెరిస్తే రెండు పడవలూ అదుపు తప్పుతాయి. అందువలన క్లబ్బు ఒడ్డున ఒక పలక ఉంచి, రంగుకు ఒక క్లిప్పు తగిలించేది. క్లిప్పు చేతిలో లేనివాడు సెట్టు తెరవరాదు. ఈ చిన్న నియమమే ఎన్నో పడవలను కాపాడినది.

2000ల నడుమ వచ్చిన 2.4 గిగాహెర్ట్జ్ సెట్లు వాటంతట అవే ఖాళీ మార్గం వెదకుకోవడంతో ఈ పలకల అవసరం చాలావరకు తీరిపోయినది. అయితే ఈ తరంగాలను నీరు త్వరగా పీల్చివేస్తుంది. రిసీవరు యాంటెన్నాను నీటిమట్టానికి పైన అమర్చాలి. సంకేతం తెగిపోతే మోటారు తానే ఆగేటట్లు ముందుగా అమర్చి, పడవను నీటిలో దించకముందే ట్రాన్స్‌మిటర్ ఆపి పరీక్షించాలి. ఈ పరీక్ష లేకుండా వేగపు పడవను దించనివ్వని క్లబ్బులు ఉన్నాయి.

పందేలు

తెరచాప పందేలకు నిజమైన పడవల పందేల నియమావళే వర్తిస్తుంది. అందులోని ‘ఇ’ అనుబంధం రేడియో పడవలకు ప్రత్యేకం. నియమం తప్పినవాడు పడవను ఒక పూర్తి చుట్టు తిప్పి శిక్ష తీర్చుకుంటాడు. ఆ వంతులో పడవ నడపనివారు పరిశీలకులుగా నిలబడతారు. దూరాన ఉన్న రెండు పడవలు తాకాయా లేదా అన్నది ఒడ్డు నుండి తేల్చడం కష్టం కనుక వాదనలు తప్పవు.

ఇంధన పడవలకు 3.5, 7.5, 15 ఘన సెంటీమీటర్ల ఇంజన్లతో తరగతులున్నాయి. వీటి చప్పుడుపై చుట్టుపక్కలవారి ఫిర్యాదుల వలన చెరువులు పోగొట్టుకున్న క్లబ్బులు ఉన్నాయి. విద్యుత్ మోటార్ల వ్యాప్తికి బ్యాటరీల ప్రగతితో పాటు ఇదీ ఒక కారణమే.

భద్రత

ఆగిన పడవ కోసం నీటిలోకి దిగడం అన్నిటికంటె ప్రమాదకరమైనది. బురద, కలుపుతీగలు, చల్లదనం ఈతగాడిని సైతం ముంచగలవు. చాలా క్లబ్బులు దీనిని పూర్తిగా నిషేధించాయి. గాలి దానిని ఒడ్డుకు తోసేవరకు ఆగడం, గేలపు తాడుకు టెన్నిసు బంతి కట్టి పడవకు ఆవల విసిరి లాగడం, ముందు భాగాన చీలిక గల మరో నమూనా పడవతో నెట్టించడం వాడుకలో ఉన్న ఉపాయాలు. చెరువు నీటిలో ఎలుకల మూత్రం ద్వారా లెప్టోస్పైరోసిస్ సోకవచ్చును కనుక, చేతి గాయాలను కప్పుకోవాలి, తినేముందు చేతులు కడుక్కోవాలి. లిథియం పాలిమర్ బ్యాటరీలు దెబ్బతిన్నా, మోతాదు మించి ఛార్జి అయినా మంటలు లేస్తాయి. వాటిని ఛార్జి చేస్తూ వదిలి వెళ్ళరాదు.

భారతదేశంలో

నేషనల్ క్యాడెట్ కోర్ నౌకా విభాగంలో ఓడ నమూనాల తయారీ ఒక శిక్షణాంశం, జాతీయ నౌసైనిక శిబిరంలో పోటీ కూడా. 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో తక్కువ శక్తి పరికరాలకు 2005లో లైసెన్సు మినహాయింపు ఇచ్చారు. అభిరుచిగా కాక పరిశోధనగా ఈ విద్య విశాఖపట్నంలో ఉన్నది. 1969లో ఏర్పడిన నావల్ సైన్స్ అండ్ టెక్నలాజికల్ లాబొరేటరీలో 500 మీటర్ల పొడవైన తొట్టె గుండా ఓడల నమూనాలను లాగి నిరోధాన్ని కొలుస్తారు. 2015లో అక్కడ ప్రారంభమైన మరొక కొలనులో కృత్రిమ అలల మధ్య నమూనాల నడకను, మలుపులను పరీక్షిస్తారు.