దిఙ్నాగుని కొండ - వస్తువాదము
తత్త్వశాస్త్రమున 'ఆబ్జెక్టివిజం' అనబడు మతమును మనవారు వస్తువాదమని వ్యవహరించుచున్నారు. ఇందు రెండంశములు కలసియున్నవి. వస్తువు జ్ఞానమునకు వెలుపల స్వతంత్రముగా నున్నదనుట మొదటిది. మన దర్శనములలో దీనికి బాహ్యార్థవాదమని పాతపేరే కలదు. సత్యము తెలిసికొనువాని ఇచ్ఛకు లోబడదనుట రెండవది. ఈ భేదమును పాటింపకపోవుటచే పెక్కు వ్యాసములు చిక్కుపడినవని మా అభిప్రాయము.

బాహ్యార్థవాదమునకు మిక్కిలి బలవంతుడైన ప్రతిపక్షి దిఙ్నాగుని పేరు వేంగీదేశముతో ముడివడియున్నది. 7వ శతాబ్దిలో ఆంధ్రదేశమునకు వచ్చిన చీనాయాత్రికుడు యువాన్ చ్వాంగ్ పేర్కొన్న రాజధానిని పండితులు వేంగీపురముగా, అనగా ఏలూరునకు ఉత్తరమున సుమారు 12 కిలోమీటర్ల దూరముననున్న పెదవేగిగా, గుర్తించిరి. నగరమునకు చేరువనున్న సంఘారామమునకు నైరృతి దిశను సుమారు 20 లీల దూరమున ఒక ఒంటికొండ కలదనియు, అచ్చట దిఙ్నాగుడు హేతువిద్యాగ్రంథమును రచించెననియు ఆతడు వ్రాసెను.

దిఙ్నాగుని 'ఆలంబనపరీక్ష' చిన్న గ్రంథము. సంస్కృతమూలము లుప్తమై టిబెటను, చీనా అనువాదములలో నిలిచినది. జ్ఞానమునకు విషయమగునది ఆ జ్ఞానమును పుట్టింపవలెను, దానికి తన ఆకారము నీయవలెను. పరమాణువులు జ్ఞానమును పుట్టించిన పుట్టించుగాక, వాని ఆకారము జ్ఞానమున గోచరింపదు. సముదాయాకారము గోచరించును గాని, అది ద్రవ్యముగా లేదు గనుక జ్ఞానమును పుట్టింపజాలదు. కొల్లేటిపై గూడబాతుల గుంపు దూరమునుండి తెల్లని చారవలె కనబడును. ఏ పక్షియు చార కాదు, పక్షులను విడిచి చారయు లేదు. కావున లోని జ్ఞానాకారమే బాహ్యమువలె భాసించుచున్నదని ఆచార్యుని సిద్ధాంతము. ఆయన దృష్టాంతము రెండు చంద్రులు కనబడుట. అట్టి భ్రాంతులకును వెలుపల ఏదో యొక ఆధారము వలదా యని శ్లోకవార్తికమున కుమారిలభట్టు ప్రతివాదము. ఒక చంద్రుడైన లేనిచో ఇద్దరెట్లు కనబడుదురు?

గుంటుపల్లి బౌద్ధగుహలను చూచినవారికి ఇదియే దిఙ్నాగుని కొండ యను ఆశ కలుగుట సహజము. మాకును కలిగినది. కాని లీప్రమాణము కాలమునుబట్టి మారినను 20 లీలు 12 కిలోమీటర్లకు మించవు. గుంటుపల్లి పెదవేగికి ఉత్తరముగా 20 కిలోమీటర్లకు పైబడి యున్నది. దూరమును కుదరదు, దిక్కును కుదరదు. పైగా యాత్రికుడు వ్రాసినది దిఙ్నాగునికి సుమారు శతాబ్ది తరువాత విన్న ఐతిహ్యము. టిబెటను సంప్రదాయము ఆచార్యుని జన్మస్థానమును కంచిప్రాంతమున చెప్పుచున్నది.

బాహ్యార్థమే లేదన్నవాని కొండకు ఈ కొలతలేల యని పరిహసింపవచ్చును. దిఙ్నాగుడు నిరాకరించినది మొదటి అంశమునే, రెండవదానిని గాదు. ఆయన మతమున జ్ఞానాకారము పూర్వజ్ఞానము విడిచిన శక్తిచే నియతమై పుట్టునేగాని కోరినట్లు పుట్టదు. గుంటుపల్లిని ఆయనకు ఒసగుటకు ఆయన తర్కమే ఒప్పుకొనదు.