నీడా, నడకా

క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంలో అశోకుడు దారుల వెంట మర్రిచెట్లు నాటించానని తన ఏడో స్తంభశాసనంలో చెప్పుకున్నాడు, పశువులకూ మనుషులకూ నీడ కోసమని. అప్పుడు చెట్టుకీ బాటసారికీ తగువు లేదు. (మన సాహిత్యంలో బాటసారి అనగానే మగవాడే గుర్తొస్తాడు, అది వేరే కథ.) తగువు మోటారు బండితో వచ్చింది.

మోతెను సూర్యాపేటతో, ఖమ్మంతో కలిపే రోడ్డు ఇప్పుడు నాలుగు వరుసలు. హైదరాబాదుకు పడమట, అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్ల రోడ్డును వెడల్పు చేయాలన్నప్పుడు, దాని వెంట ఉన్న దాదాపు 900 చేవెళ్ల మర్రుల కోసం పౌరులు జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లారు. ఆ చర్చలో నేను వెతుక్కున్నది నడిచే మనిషిని.

ఊళ్లల్లోనేమో ఆ మనిషి పేరు చెప్పే చెట్టు కొట్టేస్తారు. లేచిన వేరు చూపులేని ఆమెకూ, చక్రాల కుర్చీకీ ప్రమాదమే. చెట్ల మీది ప్రేమతో దాన్ని దాటవేయలేం. 2016 వికలాంగుల హక్కుల చట్టం తర్వాత నడవగలిగే బాట దయ కాదు, హక్కు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012లో కాలిబాటకు కనీసం 1.8 మీటర్ల ఖాళీ వెడల్పు ఉండాలంది. కానీ మొదలు దాకా సిమెంటు పోస్తే వేరు ఎటు పోతుంది? చెట్టు చుట్టూ మీటరు మేర కాంక్రీటు తీసెయ్యమని 2013లో ట్రిబ్యునలే ఢిల్లీకి చెప్పింది. ఆ మీటరు నడిచేవాళ్ల నుంచి కాక, బండ్లు నిలిపే జాగా నుంచి తీసుకోవాలి.

చెట్టు పోతే, మే ఎండలో దాని కింద జామకాయలమ్మే ఆమె మధ్యాహ్నానికే బుట్ట ఎత్తుకోవాలి. రోడ్డు అంచనాల్లో ఆ నష్టానికి గడి లేదు.